ప్రమాదకర సరుకులు: కొనే డబ్బా, పెట్టే సంతకం

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోను చేసి "సాబ్, ఈసారి మీరొక అరగంట మాట్లాడాలి" అన్నప్పుడు నేను వెంటనే ఒప్పుకోలేదు. ఈ వేదిక మీద ఏటా సరిహద్దులో నిలబడినవాళ్ళు, సముద్రం మీద తిరిగినవాళ్ళు, విమానాలు నడిపినవాళ్ళు మాట్లాడతారు. నేను ఆర్డినెన్స్ కోర్ వాణ్ణి. 1978లో తిరుమలగిరి ఏఓసీ సెంటర్లో చేరి, 28 ఏళ్ళు లెడ్జర్లు, బిన్ కార్డులు, షెడ్లు, తాళాలు చూసుకుని 2006లో సుబేదార్ మేజర్‌గా ఇంటికొచ్చాను. నా దగ్గర తుపాకీ కథలు లేవండీ అన్నాను. "మీకు తెలిసిందే చెప్పండి సాబ్" అన్నారాయన. నాకు తెలిసింది సరుకు, ఆ సరుకు పోసే డబ్బా. కాబట్టి డబ్బాల గురించే చెబుతాను. ముందు వరుసలో అప్పుడే ఎవరో నవ్వుతున్నారు. నవ్వండి, పర్వాలేదు, పది నిమిషాలు ఆగి మళ్ళీ చూద్దాం.

ఏ డబ్బా అంటారా? మీరందరూ చూసే ఉంటారు. తెల్లటి ప్లాస్టిక్ తొట్టి, చుట్టూ ఇనుప జాలీ, కింద పాలెట్, పైన పెద్ద మూత, అడుగున ఒక వాల్వు. వెయ్యి లీటర్లు పడుతుంది. దీన్ని ఇంటర్మీడియెట్ బల్క్ కంటెయినర్ అంటారు, వాడుకలో ఐబీసీ. 200 లీటర్ల పీపాకీ ట్యాంకరు లారీకీ మధ్యలోది కాబట్టి ఆ పేరు. మూడు వేల లీటర్ల దాకా ఉండవచ్చు. అంతా ఇనుముతోనో స్టెయిన్‌లెస్ స్టీలుతోనో చేసినవి ఉన్నాయి, ఉత్త ప్లాస్టిక్‌వి ఉన్నాయి, టన్ను సరుకు పట్టే జంబో బ్యాగులు కూడా ఈ కుటుంబంలోవే. యాసిడ్లు, కాస్టిక్, హైపో, పెరాక్సైడ్, సాల్వెంట్లు ఇవాళ పటాన్‌చెరు నుంచీ, జీడిమెట్ల నుంచీ, విశాఖ దగ్గరి పరవాడ నుంచీ బయల్దేరేది ఎక్కువగా వీటిల్లోనే.

దీనితో మనకేం పని అనుకోకండి. సర్వీసులో ఉన్నవాళ్ళలో ఆర్డినెన్స్, ఏఎస్‌సీ, ఎమ్‌ఈఎస్, నేవల్ స్టోర్స్, వాయుసేన లాజిస్టిక్స్ వాళ్ళకి రోజూ పని. రిటైరైనవాళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. మనలో చాలామంది దిగిపోయాక ఏ ఉద్యోగంలో చేరుతున్నాం? స్టోర్స్ ఇన్‌ఛార్జి, సేఫ్టీ సూపర్‌వైజరు, డిస్పాచ్ చూసేవాడు, గేటు సెక్యూరిటీ, లేకపోతే సొంతంగా రెండు లారీలు. ఫౌజీ కాబట్టి నమ్మకస్తుడని మనకిస్తారు ఆ పని. సరుకు వచ్చినప్పుడు సంతకం పెట్టేది మనమే. ఆ సంతకం గురించే నేను మాట్లాడదలచుకున్నాను.

మొదట కొంచెం నియమాల సంగతి. ప్రమాదకర సరుకుల రవాణా గురించి ఐక్యరాజ్య సమితి నిపుణుల సంఘం 1956లో మొదటిసారి సిఫార్సులు ప్రచురించింది. నారింజ రంగు అట్ట ఉంటుంది కాబట్టి లోకమంతా దాన్ని ఆరెంజ్ బుక్ అంటుంది. సరుకుల్ని తొమ్మిది తరగతులు చేసింది. మందుగుండు ఒకటో తరగతి, మండే ద్రవాలు మూడు, తినేసే యాసిడ్లూ క్షారాలూ ఎనిమిది, అలా. అనేక తరగతుల్లో ప్రమాదం తీవ్రతను బట్టి మళ్ళీ మూడు ప్యాకింగ్ గ్రూపులు. ఒకటి అంటే మహా ప్రమాదం, రెండు మధ్యరకం, మూడు తక్కువ. ఓడల మీద పోయే సరుకుకు దీన్నుంచే వచ్చిన ఐఎమ్‌డీజీ కోడ్ 2004 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. నేవీ సోదరులకు అది కొట్టినపిండి.

ఓడెక్కే సరుకుకు యు.ఎన్. గుర్తు లేని డబ్బా తీసుకుపోతే రేవు గేటు దగ్గరే ఆపేస్తారు. రోడ్డు మీద సంగతి వేరు. మన 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 129 నుంచి 137 దాకా ప్రమాదకర సరుకుల గురించే. కానీ అవి ఎక్కువగా బండి గురించి, డ్రైవరు శిక్షణ గురించి, క్లాసు లేబులు, అత్యవసర సమాచార ప్యానెల్ గురించి, పంపేవాడి బాధ్యత గురించి చెబుతాయి. లోపలి డబ్బా ఎన్ని పరీక్షలు తట్టుకుని వచ్చిందో రోడ్డు మీద లారీ ఆపి అడిగేవాళ్ళు అరుదు. అందుకని మన దగ్గర ఒక అలవాటు స్థిరపడిపోయింది. ఎగుమతికి మంచి డబ్బా, లోకల్‌కి ఏదో ఒక డబ్బా. ఇది నా కళ్ళతో చూసిన మాట. యాసిడ్‌కి మాత్రం తను దుబాయ్ పోతోందో దుండిగల్ పోతోందో తెలియదు కదా!

ఇక సర్టిఫైడ్ డబ్బా అంటే ఏమిటో చూద్దాం. చాలామంది పొరబడేది ఇక్కడే. తయారీదారు ఒక నమూనా చేస్తాడు. ఆ నమూనాను ప్రభుత్వం గుర్తించిన సంస్థ పరీక్షిస్తుంది. మన దేశంలో ఈ పనికి అందరూ వెళ్ళేది ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్‌కి. 1966లో ఏర్పడ్డ సంస్థ, ముంబయిలో ప్రధాన కార్యాలయం, హైదరాబాదులోనూ కేంద్రం ఉంది. అక్కడ ఆ డబ్బాను నింపి కింది నుంచి ఎత్తుతారు, మీద బరువు పెట్టి నిలబెడతారు, గాలి పెట్టి లీకు చూస్తారు, నీటి ఒత్తిడి పెడతారు, కుదిపి చూస్తారు, చివరికి ఎత్తు నుంచి పడేస్తారు. రెండో గ్రూపు సరుకుల డబ్బా అయితే మామూలుగా 1.2 మీటర్ల ఎత్తు నుంచి. ప్లాస్టిక్ తొట్టి ఉన్నదాన్ని మైనస్ 18 డిగ్రీలకు చల్లబరిచి మరీ పడేస్తారు, చలికి ప్లాస్టిక్ పెళుసవుతుంది కాబట్టి. లేహ్‌లో చలికాలం గడిపినవాళ్ళకి మైనస్ 18 ఎంతో చెప్పనక్కర్లేదు. మేమక్కడ జెరీక్యాన్ మూత తిప్పితే మెడతో సహా ఊడొచ్చిన రోజులున్నాయి.

ఇవన్నీ తట్టుకున్నాక పత్రం ఇస్తారు. ఆ పత్రం ఆ నమూనాకు, ఆ డిజైనుకు. మీ గేటు ముందు లారీలోంచి దిగిన డబ్బాకు కాదు. మీ ముందున్న డబ్బా ఆ డిజైను ప్రకారమే చేసినదని తయారీదారు ఇచ్చే మాట ఎక్కడుంటుందంటే, డబ్బాకు కొట్టిన ప్లేటు మీద. పత్రం జిరాక్సు ఎన్ని ఫైళ్ళలోనైనా పెట్టుకోవచ్చు. ప్లేటు చదవాలి.

ప్లేటు ఎలా చదవాలో ఒకసారి చెబుతాను, మన సిపాయి నంబరు చదివినంత తేలిక. ముందు వలయంలో యు, దాని కింద ఎన్. తర్వాత 31హెచ్ఏ1 అని ఉంటే, 31 అంటే ద్రవాలకు, హెచ్ అంటే ప్లాస్టిక్ తొట్టి, ఏ అంటే బయట ఉక్కు చట్రం. 11తో మొదలైతే ఘన పదార్థాలకు. 11 ఉన్నదాంట్లో ద్రవం పోయకూడదు, అంతే. తర్వాత ఒక అక్షరం. వై అంటే రెండు, మూడు గ్రూపుల సరుకులకు. జెడ్ అంటే మూడో గ్రూపుకు మాత్రమే. ఎక్స్ అంటే మూడింటికీ.

ఇక్కడొక ముచ్చట. ఒకసారి ఒక డీలరు నా దగ్గరికొచ్చి, "సార్, అందరూ వై ఇస్తారు, మేం ఎక్స్ ఇస్తాం, అన్నిటికన్నా స్ట్రాంగ్" అని రంగు రంగుల కాగితం చూపించాడు. బొమ్మ చూస్తే ద్రవాల తొట్టి. నియమం ఏమిటంటే, ఐబీసీల్లో ఎక్స్ అక్షరం ఘన పదార్థాల డబ్బాలకే వేస్తారు. ద్రవాల ఐబీసీకి ఎక్స్ అనేదే లేదు. అంటే ఆ ప్లేటు ఏ పరీక్షశాల నుంచీ రాలేదు, ప్రింటింగ్ ప్రెస్ నుంచి వచ్చింది. నేను ఏమీ అనకుండా టీ తాగించి పంపేశాను. ఇప్పుడనిపిస్తుంది, అనాల్సింది. వాడు పక్క కంపెనీకి వెళ్ళి అమ్మే ఉంటాడు.

అక్షరం తర్వాత తయారైన నెల, సంవత్సరం. తర్వాత దేశం గుర్తు, మనదైతే ఐఎన్‌డీ. తర్వాత తయారీదారు. ఆ తర్వాత రెండు అంకెలు, మొత్తం ప్లేటుకి ప్రాణం అవే. మొదటిది, ఒకదాని మీద ఒకటి పేర్చే పరీక్షలో పెట్టిన బరువు. రెండోది, సరుకుతో సహా డబ్బా ఉండదగిన గరిష్ఠ బరువు. పేర్చే పరీక్షలో అసలు బరువుకు 1.8 రెట్లు పెడతారు. ఉదాహరణకు 2,340 / 1,300 అని ఉందనుకోండి. 2,340ని 1.8తో భాగిస్తే 1,300. అంటే మీద ఒక నిండు డబ్బా పెట్టవచ్చు, రెండోది పెట్టకూడదు. 2011 జనవరి 1 తర్వాత తయారైనవాటికైతే ఈ లెక్క చేసే పని కూడా లేదు, మీద ఎన్ని కిలోలు పెట్టవచ్చో బొమ్మతో సహా వేయాలి. సున్నా ఉంటే పేర్చనేకూడదు.

ఇప్పుడు ఆ 1,300 సంగతి. డబ్బా వెయ్యి లీటర్లది. ఖాళీ బరువు సుమారు 60 కిలోలు. అంటే సరుకుకు మిగిలింది 1,240 కిలోలు. నీళ్ళైతే వెయ్యి లీటర్లు వెయ్యి కిలోలు, హాయిగా సరిపోతుంది. హైడ్రోక్లోరిక్ యాసిడ్ 30 శాతంది లీటరు కిలోన్నూట యాభై గ్రాములు, అదీ సరిపోతుంది. కాస్టిక్ లై 48 శాతంది లీటరు కిలోన్నర. గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ కిలో 840 గ్రాములు. డబ్బా చూడటానికి ఒకటే, పట్టే లీటర్లు ఒకటే, కానీ బరువు ఒకటి కాదు. బజారులో "వెయ్యి లీటర్ల ట్యాంకు" అని అడిగితే వెయ్యి లీటర్ల ట్యాంకే ఇస్తారు. ఏం పోస్తారని వాళ్ళడగరు, మనం చెప్పం.

ఈ లెక్క నేను ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు. ఎలా నేర్చుకున్నానో చెబుతాను. ఇది చెప్పడానికే ఇవాళ ఒప్పుకున్నాను.

2008లో హైదరాబాదు శివార్లలో ఒక రసాయనాల కంపెనీలో స్టోర్స్, డిస్పాచ్ చూసే ఉద్యోగంలో చేరాను. కంపెనీ పేరు అనవసరం. 2013 మొదట్లో కొనుగోలు విభాగంవాళ్ళు 60 డబ్బాలు తెప్పించారు. కొత్తవి కావు, రీకండిషన్ చేసినవి. కొత్తదాని ధరలో సగం కూడా లేదు. మన భాషలో చెప్పాలంటే ఎల్-వన్. ఫైల్లో పరీక్ష పత్రం జిరాక్సు కూడా ఉంది, ముద్రలతో సహా. నేను లారీ దగ్గర నిలబడి లెక్కపెట్టాను. అరవై. వాల్వులున్నాయి, మూతలున్నాయి, జాలీకి ప్లేట్లున్నాయి. 28 ఏళ్ళ అలవాటు ప్రకారం రసీదు మీద "సంఖ్య సరిపోయింది, స్థితి బాగుంది" అని రాసి సంతకం పెట్టాను. ప్లేటు ఉందని చూశాను గానీ ప్లేటు చదవలేదు.

అవి హైడ్రోక్లోరిక్ యాసిడ్ కోసం తెచ్చినవి. మే నెలలో ఒక కొత్త పార్టీ కాస్టిక్ లై అడిగింది. యార్డులో 18 డబ్బాలు ఖాళీగా ఉన్నాయి. కడిగించి వాటిల్లోనే పోయించారు. ఒక్కొక్కదాంట్లో 980 లీటర్లు. స్థలం చాలక రెండేసి పేర్చారు. లారీ రెండు రోజులు ఆలస్యమైంది. మే ఎండ మీకు తెలుసు.

మూడో రోజు పొద్దున్నే హెల్పరు కుర్రాడు వచ్చి "సార్, గా మూల డబ్బా కిందికెల్లి కారుతుంది సార్" అన్నాడు. ఇరవై రెండేళ్ళుంటాయి, మెదక్ జిల్లావాడు. "ఉండరా, వస్తున్నా" అన్నాను. ఫోను మోగింది. ఆ ఫోను మాట్లాడేలోపు, సార్‌కి పని తగ్గిద్దామని వాడే పానా తీసుకుని వాల్వు బిగించబోయాడు. వాల్వు మెడ పగిలింది. మొహం మీదికి చిమ్మింది.

కళ్ళు కడిగే కుళాయి నలభై అడుగుల దూరంలో ఉంది. ఇద్దరం పట్టుకుని లాక్కుపోయాం. ఇరవై నిమిషాలు నీళ్ళు పట్టాం. డాక్టర్లు తర్వాత అన్నారు, ఆ నీళ్ళ వల్లే ఎడమ కన్ను దక్కిందని. కుడి కన్ను దక్కలేదు. ఇప్పుడు ఆ కంటికి వెలుగు, నీడ తెలుస్తాయి, మనిషి తెలియడు.

ఆ సాయంత్రం నేను ఆ డబ్బా దగ్గర కూర్చుని మొదటిసారి ప్లేటు చదివాను. 2,340 / 1,300. కాస్టిక్ 980 లీటర్లంటే 1,470 కిలోలు, డబ్బా 60, మొత్తం 1,530. ఉండాల్సినదానికన్నా 230 కిలోలు ఎక్కువ. మీద ఉన్న డబ్బా కూడా అంతే కాబట్టి పేర్చిన బరువు కూడా మించిపోయింది. ప్లేటు మీద తయారైన నెల 2011 మార్చి. తర్వాత తొట్టి చూశాను. ప్లాస్టిక్ తొట్టి మీద అచ్చులోనే ఒక చిన్న గడియారం లాంటి గుర్తు పోస్తారు, మధ్యలో సంవత్సరం, చుట్టూ నెలలు, ఒక బాణం. దాంట్లో ఉన్నది 2006 ఆగస్టు. తయారీదారు గుర్తు కూడా వేరు. అంటే ఎవరిదో జాలీలో ఇంకెవరిదో పాత తొట్టి తెచ్చి కూర్చోబెట్టారు. ప్రమాదకర ద్రవాలకు ప్లాస్టిక్ తొట్టి వాడదగిన కాలం తయారైన నాటి నుంచి ఐదేళ్ళు. గాఢమైన నైట్రిక్ యాసిడ్‌కైతే రెండేళ్ళే. 2006 నాటి తొట్టి 2011 ఆగస్టుకే రిటైరు కావాల్సింది. 60 డబ్బాలూ తిప్పి చూస్తే 23 ఇలాంటివి.

కంపెనీ విచారణ వేసింది. నివేదికలో "హెల్పరు అనుమతి లేకుండా వాల్వును పానాతో బిగించుట ప్రమాదమునకు కారణము" అని రాసుకొచ్చి నన్ను సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు. నేనొక కాగితం విడిగా రాసిచ్చాను, రసీదు మీద సంతకం నాది, ప్లేటు చదవనిది నేను, ఏ సరుకు పోయవచ్చో డబ్బా మీద రాయించనిది నేను అని. మేనేజరు "మీరెందుకు సార్ మీద వేసుకుంటారు" అన్నాడు. మీద వేసుకోవడం కాదు, అది జరిగింది. ఆ కాగితం ఫైల్లో ఉండబట్టి కుర్రాడికి పరిహారం విషయంలో కొంత దారి దొరికింది. ఎంత వచ్చినా కన్ను రాదు, ఆ లెక్క వేరే.

ఆ తర్వాత నేనక్కడ మూడేళ్ళు పనిచేశాను. కొనుగోలు ఆర్డరు రాసే పని నాకిమ్మని అడిగి తీసుకున్నాను. ఏం మార్చానో చెబుతాను, పనికొస్తే వాడుకోండి. "వెయ్యి లీటర్ల ఐబీసీ, యు.ఎన్. సర్టిఫైడ్" అని రాయడం మానేశాను. ఆర్డరు మొదటి వాక్యంలోనే ఏ సరుకు పోస్తామో, దాని యు.ఎన్. నంబరు, ప్యాకింగ్ గ్రూపు, లీటరు బరువు ఎంతో రాసేవాణ్ణి. కాస్టిక్ లై అయితే 1824, గ్రూపు రెండు, కిలోన్నర. అప్పుడు 1,300 ప్లేటు ఉన్నవాడు కొటేషనే ఇవ్వడు. ఇచ్చినా తాంత్రిక పరిశీలనలోనే పోతాడు, ధర కవరు విప్పే పని ఉండదు. ఎల్-వన్‌ని అందరూ తిడతారు గానీ, తప్పు ఎల్-వన్‌ది కాదు. మనం రాసిన స్పెసిఫికేషన్‌కి తగ్గ చవకైన వస్తువునే అది తెచ్చిపెడుతుంది. స్పెసిఫికేషన్ గుడ్డిగా ఉంటే వస్తువూ అలాగే ఉంటుంది.

రెండో మాట, ప్లేటు తేదీ, తొట్టి తేదీ, తయారీదారు ఈ మూడూ కలవాలని, సరుకు దిగేనాటికి తొట్టి వయసు ఆరు నెలలు మించకూడదని రాసేవాణ్ణి. ఐదేళ్ళ ఆయువు వస్తువును రెండేళ్ళు గోడౌన్లో ఉంచి అమ్మితే మనం మూడేళ్ళకే డబ్బు పెట్టినట్టు. బాగుచేసిన డబ్బాలు అసలు కొనకూడదని నేననను. నియమం దానికీ దారి ఇచ్చింది. అదే తయారీదారు డిజైను ప్రకారం తొట్టి మార్చి, మళ్ళీ పరీక్షించి, చేసినవాడి పేరు, నెల, సంవత్సరం అసలు ప్లేటు పక్కనే చెరగకుండా వేయాలి. అలా వేసినవాడి దగ్గర కొనండి. "రీకండిషన్డ్ సార్" అని నోటితో చెప్పేవాడి దగ్గర వద్దు.

కొన్నాక కూడా పని ఉంది. రెండున్నరేళ్ళకొకసారి లీకు పరీక్ష, పరిశీలన చేయించి ఆ తేదీ డబ్బా మీద వేయించాలి. వాహనం టైరు మార్చే తేదీ రిజిస్టర్లో రాసుకునే మనవాళ్ళు దీన్ని మాత్రం ఎక్కడా రాయరు.

సరుకును బట్టి మరో రెండు ముక్కలు చెప్పాలి. హైపోక్లోరైట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి నిలవలో ఉండగానే వాయువు వదులుతాయి. వాటికి గాలి బయటికి పోయే మూత కావాలి. మామూలు మూత బిగిస్తే డబ్బా కడుపు ఉబ్బినట్టు ఉబ్బుతుంది. నీటి శుద్ధి ప్లాంట్లు చూసే ఎమ్‌ఈఎస్ సోదరులు దీన్ని చూసే ఉంటారు. మండే సాల్వెంట్లు మామూలు ప్లాస్టిక్ తొట్టిలో పోస్తే స్థిర విద్యుత్తు పుడుతుంది, నిప్పురవ్వ చాలు. వాటికి స్టీలు డబ్బా, లేదా స్థిర విద్యుత్తును నేలకు పంపేలా చేసిన ప్రత్యేకమైన తొట్టి, ఎర్తింగ్ క్లిప్పుతో సహా. పెట్రోలు డిపోల్లో చేసినవాళ్ళకి ఎర్తింగ్ గురించి నేను చెప్పక్కర్లేదు.

జంబో బ్యాగుల మాట కూడా అనుకోవాలి. 2020 ఆగస్టు 4న బేరూట్ రేవులో జరిగింది టీవీలో అందరం చూశాం. 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్, టన్ను బ్యాగుల్లో, 2014 నుంచీ ఒకే గిడ్డంగిలో. రెండు వందల మందికి పైగా పోయారు. అది బ్యాగుల వల్ల జరిగిందని నేననను. నిల్వ ఉంచినవాళ్ళు, పట్టించుకోనివాళ్ళు, మంట, దానికి చాలా కారణాలు. కానీ ఫొటోల్లో ఆ బ్యాగులు చూశారా? చినిగి, సరుకు నేల మీద కలిసిపోయి ఉంది. ప్రమాదకర సరుకుల బ్యాగును పరీక్షించేటప్పుడు గరిష్ఠ బరువుకు ఆరు రెట్లు వేసి పైకి ఎత్తుతారు, అంత గట్టిది. అయినా ఆ పరీక్ష ప్రయాణానికి. ఆరేళ్ళు మూల పడి ఉండటానికి ఏ పరీక్షా లేదు.

ఆ వారంలోనే మన దగ్గరా ఒక సంగతి బయటపడింది. చెన్నై దగ్గర మనలిలో, 2015లో కస్టమ్స్ స్వాధీనం చేసుకున్న దాదాపు 700 టన్నుల అమ్మోనియం నైట్రేట్ 37 కంటెయినర్లలో ఉంది. వేలంలో కొన్న హైదరాబాదు కంపెనీకి దాన్ని ఆ ఆగస్టులోనే విడతలుగా రోడ్డు మీద తరలించారు. క్షేమంగానే చేరింది. ఆ లారీలు వచ్చే దారిలోనే మా అమ్మాయి వాళ్ళ ఊరు. ఐదేళ్ళ క్రితం సంచుల్లో ఉన్న సరుకు ఎత్తేటప్పుడు ఎలా ఉందో అని నేను నిద్ర లేకుండా ఆలోచిస్తే, మా ఆవిడ "మీ రిటైర్మెంటు ఎప్పుడండీ" అంది.

చివరగా, ఇందాక టీ దగ్గర హవల్దార్ తమ్ముడు ఒకాయన అడిగాడు. "సాబ్, మా ఊళ్ళో ఇవే డబ్బాలు మూడు వేలకీ నాలుగు వేలకీ అమ్ముతున్నారు, పొలం దగ్గర నీళ్ళకి ఒకటి, ఇంటి మీదికొకటి కొందామనుకుంటున్నా, కొననా" అని. ఇది ఒక్కడి ప్రశ్న కాదు, ఇక్కడున్న చాలామంది మేడల మీద ఇప్పటికే అవి ఉన్నాయని నాకు తెలుసు. తమ్ముడూ, అందులో ముందు ఏం పోశారో నీకు తెలుసా? లేబులు చింపేసి ఉంటారు, చింపారంటేనే అర్థం చేసుకోవాలి. మూడుసార్లు సబ్బుతో కడిగితే పోతుందనుకుంటారు. కొన్ని ద్రవాలు ఆ ప్లాస్టిక్ లోపలికే ఇంకుతాయి, ఎండకి మెల్లగా మళ్ళీ నీళ్ళలోకి వస్తాయి. సాల్వెంటు, పురుగుల మందు మోసిన తొట్టిని కడిగి శుభ్రం చేయడం మన పెరట్లో అయ్యే పని కాదు. తాగే నీళ్ళకి, వంటకి, గేదెలకి పెట్టే నీళ్ళకి కూడా వద్దు. ఇంటికి నీళ్ళ ట్యాంకు నీళ్ళ ట్యాంకుగా చేసినదే కొనుక్కో. వెయ్యి రూపాయలు ఎక్కువైతే మా సంఘం క్యాంటీన్లో రెండు నెలలు తక్కువ కొను.

ఆ కుర్రాడు ఇప్పుడు వాళ్ళ ఊళ్ళోనే కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. పెళ్ళయింది, ఒక పాప. దసరాకి ఫోను చేస్తాడు. కిందటేడు వెళ్తే కొట్టు వెనక ఒక తెల్ల డబ్బా కనపడింది నాకు, గుండె ఆగినంత పనైంది. దగ్గరికెళ్ళి చూస్తే అడుగు కోసేసి అందులో తులసి, గోంగూర పెంచుతున్నాడు. "చదివిన సార్, తేదీ అయిపోయింది, అందుకే మట్టి పోసిన" అన్నాడు.

సమయం మించిపోయింది, భోజనాల వాసన వస్తోంది, మీరు నన్ను వినడం లేదని తెలుస్తూనే ఉంది. బయట రిజిస్ట్రేషన్ బల్ల మీద రెండు వస్తువులు పెట్టాను. ఒకటి పాత ప్లేటు. రెండోది ఒక తొట్టి నుంచి కోసి తెచ్చిన ముక్క, దాని మీద నేను చెప్పిన గడియారం గుర్తు ఉంది. ప్లేటు వరుసలోకి వెళ్ళేముందు ఒక్క నిమిషం ఆగి, అది ఏ నెల, ఏ సంవత్సరమో చదివి వెళ్ళండి. పిల్లల్ని కూడా చదవమనండి.